స్టెమ్ సెల్ దుకాణాలకు ఒక సవాల్



సవాల్ అనే లఫ్జ్‌కు మన ఇళ్లలో రెండు మానీలు. ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. తెలుగులో సవాల్ అంటే తొడగొట్టి బరిలోకి పిలవడం. ఉర్దూ మీడియం బళ్లో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, తెలుగు పత్రికల్లో బతుకుతున్నవాణ్ని. అందుకే ఇవాళ ఆ మాటను రెండు మానీల్లోనూ వాడుకుంటాను. కమ్జోర్ అయిన గుండెకు స్టెమ్ సెల్స్ ఎక్కించి మళ్లీ జవాన్ గుండె చేస్తామని లక్షలు తీసుకునేవాళ్లను అడుగుతున్నాను: సబూత్ చూపించండి. చూపించలేకపోతే దుకాణం మూసేయండి.

దుకాణం అన్నందుకు కొందరికి కోపం రావచ్చు. దవా ఉన్న చోటును దవాఖానా అంటారు. ఉమ్మీద్‌ను తూకం వేసి అమ్మే చోటుకు ఆ ఇజ్జత్ ఎందుకివ్వాలి?

ఈ మాట ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా కొత్తవాడలో ఒక చందా విషయం నడుస్తోంది. కొత్తవాడ అంటే జంపఖానాలు, దర్రీలు నేసే వాడ. 2018లో వరంగల్ దర్రీలకు జీఐ ట్యాగ్ వచ్చింది గాని, ఆ ట్యాగ్ పనివాళ్ల జేబులోకి ఇంకా దిగలేదు. మా గల్లీలో నూలుకు రంగులద్దే పని చేసిన ఒకాయన ఉన్నారు. పేరు రాయను. రెండేళ్ల కింద గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు, ప్రాణం దక్కింది. గుండె మాత్రం కమ్జోర్ అయింది. ఎకో రిపోర్టులో ఈఎఫ్ 25 అని ఉంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రాత్రి వెల్లకిలా పడుకుంటే దమ్ము ఆడదు. పొద్దుగూకేసరికి కాళ్ల వాపు.

ఈ మధ్య ఒక ఏజెంట్ ఆ ఇంటికొచ్చాడు. పట్నంలో ఒక చోట స్టెమ్ సెల్ ఇలాజ్ ఉందన్నాడు, ప్యాకేజీ 4.5 లక్షలన్నాడు. ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అందులో ఒక ముసలాయన ముందు వీల్‌చైర్‌లో ఉన్నాడు, తర్వాత నడుస్తున్నాడు. ఇంట్లో అందరూ ఏడ్చారట. బీబీ జేవర్ అమ్మితే సగం వస్తుంది. మిగతా సగానికి కొడుకు నా దగ్గరికొచ్చాడు. "చాచా, మస్జిద్‌ల ఏలాన్ చేయిద్దాం. జకాత్ పైసలు కూడ ఉన్నయి గదా. మీరు ఒక మాట చెప్తే కమిటీ వింటది" అన్నాడు.

"బేటా, ఆ మాట నేను చెప్పను" అన్నాను.

అప్పటి నుంచి గల్లీలో నా పేరు సంగ్‌దిల్. వచ్చే ఇత్వార్ కమిటీ కూర్చుంటోంది. అక్కడ నాకు దొరికేది ఐదు నిమిషాలు. ఐదు నిమిషాల్లో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. మీ ఊళ్లోనూ ఇలాంటి చందా రేపో మాపో లేస్తుంది. అప్పుడు పనికొస్తుంది.

ముందు మర్జ్ ఏమిటో చూద్దాం. గుండెకు రక్తం తెచ్చే నాళం మూసుకుపోతే ఆ భాగంలోని కండరం చచ్చిపోతుంది. ఒక పెద్ద గుండెపోటులో వంద కోట్ల దాకా కణాలు పోవచ్చు. వాటి చోట మచ్చ కడుతుంది. మచ్చ గట్టిగా ఉంటుంది గాని ముడుచుకోదు, పంపు కొట్టదు. దర్రీలో కాలిపోయిన జానెడు చోట గోనెసంచి ముక్క కుట్టినట్టు. మిగిలిన కండరం ఆ బరువు కూడా మోసీ మోసీ సాగిపోతుంది. దీన్నే డాక్టర్లు ఇస్కీమిక్ హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. గుండె ఆగిపోవడం అని భయపడకండి, గుండెకు తాఖత్ తగ్గిందని మానీ.

చర్మం తెగితే మళ్లీ వస్తుంది. గుండె కండరం ఎందుకు రాదు? స్వీడన్ శాస్త్రవేత్తలు 2009లో దీనికి జవాబు చెప్పారు. వెనకటి అణుబాంబు పరీక్షల వల్ల గాలిలోకి చేరిన కార్బన్-14 మన కణాల్లోనూ చేరింది. దాన్ని గుండె కణాల్లో కొలిచి వాటి వయసు లెక్కగట్టారు. 25 ఏళ్ల మనిషి గుండెలో ఏడాదికి కొత్తగా పుట్టే కండర కణాలు దాదాపు 1 శాతం. 75 ఏళ్లకు అది అర శాతం కన్నా తక్కువ. అంటే అల్లా ఇచ్చిన గుండె కండరాన్నే దాదాపు జిందగీ అంతా వాడుకోవాలి. పోయినదాన్ని తిరిగి పుట్టించగలిగితే అంతకన్నా గొప్ప ఇలాజ్ లేదు. ఆ కోరికలో తప్పేమీ లేదు. ఆ కోరికను ముందు పెట్టుకుని జరిగిన వ్యాపారం మీదే నా కోపం.

ఆ కహానీ 2001లో మొదలైంది. అమెరికాలో పియెరో అన్వర్సా అనే శాస్త్రవేత్త బృందం నేచర్ పత్రికలో ఒక వ్యాసం వేసింది. ఎముక మూలుగు కణాలను ఎలుక గుండెలో వేస్తే కొద్ది రోజుల్లోనే కొత్త కండరం పుట్టిందని అందులో రాశారు. దునియా మొత్తం ఉలిక్కిపడింది. 2004లో అదే నేచర్‌లో వేరే రెండు ల్యాబులు ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి చూశామని, మూలుగు కణాలు గుండె కండరంగా మారలేదని రాశాయి. అప్పటికే డాక్టర్లు మనుషుల గుండెల్లో సూదులు దించడం మొదలైపోయింది. అన్వర్సా తర్వాత హార్వర్డ్‌కు చెందిన బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆస్పత్రికి చేరాడు. 2017లో ఆ ఆస్పత్రి యాజమాన్యం, ఆయన ల్యాబు తప్పుడు లెక్కలతో ప్రభుత్వ గ్రాంట్లు తీసుకుందన్న ఆరోపణ మీద, అమెరికా ప్రభుత్వానికి 1 కోటి డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. 2018 అక్టోబర్‌లో హార్వర్డ్, బ్రిగమ్ కలిసి ఆ ల్యాబు నుంచి వచ్చిన 31 వ్యాసాలను వెనక్కి తీసుకోవాలని పత్రికలకు చెప్పాయి. గుండెలోని స్టెమ్ సెల్స్ తీసి మనుషులకు ఎక్కిస్తే ఈఎఫ్ పెరిగిందంటూ 2011లో లాన్సెట్‌లో వచ్చిన స్కిపియో ట్రయల్ వ్యాసాన్ని 2019లో ఆ పత్రికే రద్దు చేసింది.

ఏజెంట్ వీడియోలో ఈ కహానీ ఉండదు. 2001 దగ్గర మొదలై 2001 దగ్గరే ఆగిపోతుంది.

ఒక మనిషి తప్పు చేస్తే మొత్తం ఇల్మ్‌ను దోషి అంటారా అని అడగొచ్చు. అనను. మిగతావాళ్లు ఇమాన్‌దారీతోనే పనిచేశారు. వాళ్లకు ఏం దొరికిందో కూడా చూద్దాం. 2016లో కొక్రేన్ సంస్థ 38 ట్రయల్స్‌ను, 1,907 మంది మరీజ్‌లను కలిపి చూసింది. కొంత లాభం కనబడుతోంది గాని సబూత్ నాణ్యత తక్కువ, పెద్ద ట్రయల్స్ కావాలని రాసింది. పెద్ద ట్రయల్స్ వచ్చాయి. డ్రీమ్-హెచ్ఎఫ్ అనేది హార్ట్ ఫెయిల్యూర్‌లో కణాల ఇలాజ్ మీద జరిగిన అన్నిటికన్నా పెద్ద ట్రయల్స్‌లో ఒకటి. 565 మంది మరీజ్‌లు. ఫలితాలు 2023లో వచ్చాయి. హార్ట్ ఫెయిల్యూర్ ముదిరి మళ్లీ మళ్లీ ఆస్పత్రి పాలవడం తగ్గుతుందా అన్నది వాళ్ల అసలు ప్రశ్న. తగ్గలేదు. గుండెపోట్లు, పక్షవాతం కొంత తక్కువ కనిపించాయి. అది ఇంకో ట్రయల్ చేసి తేల్చుకోవలసిన విషయం, బిల్లు కొట్టి అమ్ముకునే విషయం కాదు. గుండెపోటు వచ్చిన కొద్ది రోజులకే మూలుగు కణాలు ఎక్కించే బామి ట్రయల్ యూరప్‌లో 3,000 మందితో చేద్దామనుకున్నారు. 375 మందే చేరారు, జవాబు తేలలేదు. మన దేశంలో 250 మంది గుండెపోటు మరీజ్‌లతో పెద్ద ఆస్పత్రులు కలిసి చేసిన ఎంఐ3 ట్రయల్ ఫలితాలు 2015లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చాయి. మొత్తం మీద ఈఎఫ్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

జపాన్ సంగతి కూడా వినండి. తొడ కండరం కణాలతో చేసిన హార్ట్‌షీట్ అనే పట్టీకి అక్కడ 2015లో షరతులతో అనుమతి ఇచ్చారు. ముందు వాడండి, సబూత్ తర్వాత చూపించండి అన్నారు. 2024 దాకా చూశారు. సబూత్ చాలలేదు, ఆ పట్టీ బజారు నుంచి పోయింది.

ఇంకో ముచ్చట నన్ను బాగా ఆలోచనలో పడేసింది. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు మూలుగు కణాల ట్రయల్ రిపోర్టులను లైను లైనుగా చదివి, అందులో ఒకదానికొకటి పొసగని లెక్కలను ఏరారు. 49 ట్రయల్స్‌లో 600 పైచిలుకు దొరికాయి. 2014లో బీఎంజేలో వేశారు. లెక్కల్లో తప్పు ఒక్కటీ లేని ట్రయల్స్‌లో ఈఎఫ్ లాభం సున్నా దగ్గర ఉంది. 30 పైన తప్పులున్న ట్రయల్స్‌లో లాభం 7 శాతం దాటింది. తప్పులు పెరిగినకొద్దీ కరామత్ పెరిగిందన్న మాట. పత్రికల్లో కాపీ దిద్దేవాడిగా ఈ రోగం నాకు బాగా తెలుసు. లెక్క పొసగని వార్తే అన్నిటికన్నా చమక్కుమంటుంది.

2019లో అమెరికాలోని సిన్సినాటి నుంచి వచ్చిన ఎలుకల ప్రయోగం ఇంకో పరదా తీసింది. బతికున్న స్టెమ్ సెల్స్ ఎక్కించినా, చచ్చిన కణాలు ఎక్కించినా గుండెకు వచ్చిన లాభం దాదాపు ఒకటే. ఒంట్లోని రోగనిరోధక కణాలు ఆ చోటికి పరిగెత్తుకొచ్చి మచ్చను కొంచెం బాగుచేస్తున్నాయి. కొత్త కండరమేమీ పుట్టడం లేదు. "మీ ఒంట్లోంచి తీసిన కణం మీ గుండెలో కండరమై కూర్చుంటుంది" అని చెప్పేవాడిని ఈ ఒక్క విషయం అడిగి చూడండి. చాయ్ చెప్పి మాట మారుస్తాడు.

ఇక మనవాళ్ల ప్రశ్నలకు వస్తాను. నా ముఖం మీద అన్నవే.

"బ్లడ్ క్యాన్సర్‌కు మూలుగు మార్పిడి చేస్తరు గదా, అదీ స్టెమ్ సెల్లే గదా?" నిజమే. లుకేమియాకు, తలసేమియాకు అది అసలు సిసలు ఇలాజ్. ఎందుకంటే రక్తం పుట్టేదే మూలుగులోని స్టెమ్ సెల్స్ నుంచి. ఆ కణం తన పుట్టింటికే పోతుంది. కన్ను సంగతీ అంతే. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి డాక్టర్లు, సున్నం పడి కాలిన కంటికి, బాగున్న రెండో కంటి నల్లగుడ్డు అంచు నుంచి చిన్న ముక్క తీసి అతికించే పద్ధతిని 2012లో ప్రచురించారు. ఇవాళ దేశదేశాల డాక్టర్లు ఆ పద్ధతి వాడుతున్నారు. నల్లగుడ్డు పైపొర మామూలుగానే ఆ అంచు నుంచి పుడుతుంది, అందుకే పనిచేస్తుంది. గుండెకు అలాంటి అంచు లేదు. తాళంచెవి ఒక తాళం తీసిందని ఊళ్లోని తాళాలన్నీ తీస్తుందా?

మనలోంచి వచ్చిన పెద్దమనిషి మిసాల్ కూడా ఉంది. హైదరాబాద్‌లో లివర్ డాక్టర్ సి.ఎం. హబీబుల్లా సాబ్. లివర్ పూర్తిగా దెబ్బతిన్న మరీజ్‌లకు లివర్ కణాలు ఎక్కించి చూసి, ఆ తజుర్బాను 1994లో ట్రాన్స్‌ప్లాంటేషన్ పత్రికలో దునియా ముందు పెట్టారు. చూడండి, పరీక్షించండి, తప్పుంటే చెప్పండి అన్నట్టు. కణాల ఇలాజ్ మీద తహ్ఖీఖ్ అంటే అది. ఏజెంట్‌ను ఇంటికి పంపడాన్ని తహ్ఖీఖ్ అనరు.

"మర్జ్ ఇచ్చిన అల్లా దవా కూడా ఇచ్చిండని హదీసు ఉంది గదా?" ఉంది. సర్ ఆంఖోం పర్. ఆ హదీసు దవా వెతకమంటుంది. దొరకనిదాన్ని దొరికిందని చెప్పి అమ్మమనదు. తబీబ్ కానివాడు ఇలాజ్ చేసి నష్టం తెస్తే దానికి వాడే జిమ్మేదార్ అనే హదీసు కూడా ఉంది, ఏజెంట్లు అది చెప్పరు. ఇబ్నె సీనా వెయ్యేళ్ల కింద రాసిన అల్ ఖానూన్ రెండో కితాబులో దవాను పరీక్షించే షరతులు పెట్టాడు. అసర్ ఒక్కసారి కనిపిస్తే చాలదు, ప్రతిసారీ కనిపించాలి. మనిషి మీదే పరీక్షించాలి, సింహం మీదో గుర్రం మీదో చేసింది చాలదు. అన్వర్సా ఎలుకల కహానీ చదివినప్పుడు నాకు ఇబ్నె సీనానే యాదికొచ్చాడు. యునానీ దవాఖానా గోడ మీద ఆయన ఫోటో పెట్టి ఫఖర్ పడతాం. ఆయన షరతులు మాత్రం అలమారిలో పెట్టి తాళం వేస్తాం.

"పోతే పైసలే గదా పోతయి?" అన్నిటికన్నా ఖతర్నాక్ మాట ఇదే. గుండెలోకి క్యాథెటర్ దించడం, మూలుగు తీయడం ఉత్త సూది పోటు కాదు. రక్తస్రావం, ఇన్ఫెక్షన్, గుండె లయ తప్పడం, ఇవన్నీ ఉంటాయి. ఈఎఫ్ 25 ఉన్న మనిషికి ఇవి చిన్న విషయాలు కావు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక క్లినిక్ స్టెమ్ సెల్స్ పేరుతో కళ్లలో సూదులిస్తే ముగ్గురు ఆడవాళ్ల చూపు దెబ్బతిన్నదని 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ రాసింది. సూదికి డబ్బు కట్టినవాళ్లే చూపు పోగొట్టుకున్నారు. ఇక పైసల సంగతి. ఆ పైసలు ఎవరివి? ఆ బీబీ జేవర్. రేపు ఆయనకు ఏదైనా అయితే ఆమె చేతిలో మిగిలే ఒకే ఒక ఆసరా.

"వీడియోల ఆయన నడిచిండు గదా?" నడిచే ఉండొచ్చు. ఆ ప్యాకేజీలో నీరు తీసే మాత్రలు ఉంటాయి, ఉప్పు మానమంటారు, వారం రోజులు బెడ్ రెస్ట్ ఉంటుంది. ఒంట్లో చేరిన నీరు నాలుగు లీటర్లు దిగితే ఎవరైనా నడుస్తారు. ఈఎఫ్ 25 నుంచి 31 అయిందని రిపోర్టు చూపిస్తారు. ఒకే మనిషికి ఒకే వారం ఇద్దరు ఎకో తీస్తే ఐదారు అంకెల తేడా రావడం మామూలే. అందుకే సరైన ట్రయల్‌లో సగం మందికి ఉత్త సూది ఇస్తారు, ఎవరికి ఏది ఇచ్చారో ఎకో తీసేవాడికి చెప్పరు.

"సర్కార్ ఊకుంటదా మరి, తప్పయితే?" సర్కార్ రాసింది రాసింది, చూస్తూ ఊరుకుంది కూడా. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు సాఫ్‌గా చెబుతున్నాయి: రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలుగు మార్పిడి తప్ప మిగతా స్టెమ్ సెల్ ఇలాజ్‌లన్నీ పరిశోధనే. అనుమతి ఉన్న ట్రయల్‌లో తప్ప బయట ఇవ్వకూడదు. ట్రయల్‌లో చేరిన మరీజ్ దగ్గర దానికి పైసలు తీసుకోకూడదు. 2019 కొత్త ఔషధాల, క్లినికల్ ట్రయల్స్ రూల్స్ ప్రకారం ట్రయల్ వల్ల నష్టం జరిగితే ముఫ్త్ ఇలాజ్, ముఆవజా ఇవ్వాలి. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, గుండె జబ్బులు నయం చేస్తామనే ప్రకటనలనే నిషేధిస్తుంది. 2022 డిసెంబర్‌లో నేషనల్ మెడికల్ కమిషన్ బోర్డు ఆటిజంకు స్టెమ్ సెల్స్ ఎక్కించడం వృత్తి దుష్ప్రవర్తన అని చెప్పింది. గుండె పేరు చెప్పి అమ్మేవాళ్ల మీద అంత గట్టి మాట ఎప్పుడు వస్తుందని అడుగుతున్నాను. "మీ కణాలు తీసి మీకే ఇస్తున్నాం, మార్చింది తక్కువే, కాబట్టి ఇది దవా కిందికి రాదు" అనే సందులోంచి దుకాణాలు దూరుతున్నాయి. ఆ సందు మూసే జిమ్మేదారీ డ్రగ్స్ కంట్రోల్ వాళ్లది, మెడికల్ కౌన్సిల్‌ది.

సరైన తోవ లేక వీళ్లు అడ్డదారి పట్టారని కూడా అనలేం. బెంగళూరు స్టెమ్‌ప్యూటిక్స్ కంపెనీ ట్రయల్స్ చేసి, కాగితాలు పెట్టి, పొగాకు వల్ల కాళ్ల నరాలు మూసుకుపోయే బర్జర్స్ వ్యాధికి తన స్టెమ్ సెల్ మందుకు 2016లో షరతులతో అనుమతి తెచ్చుకుంది. తలుపు ఉంది. కిటికీలోంచి దూరేవాడు ఎందుకు దూరుతున్నాడో మనమే ఆలోచించాలి.

మా బిరాదరీకీ ఒక మాట, అంటే జర్నలిస్టుల బిరాదరీకి. "మూలకణాలతో గుండెకు పునర్జన్మ" అనే హెడ్డింగ్ కింద డాక్టర్ ఫోటో, ఫోన్ నంబర్ వేస్తే అది వార్త కాదు, ఇష్తిహార్. ఇష్తిహార్ అని పైన రాయండి. రాయకుండా వేస్తే ఏజెంట్ కమిషన్‌లో మీకూ హిస్సా ఉన్నట్టే.

అయితే ఆ మరీజ్‌ను అట్లనే వదిలేయాలా? అసలు దుఃఖం ఇక్కడే ఉంది. సబూత్ ఉన్న ఇలాజ్ ఉంది, సస్తాగా ఉంది, మనవాళ్లకు సరిగ్గా అందడం లేదు. ఇవాళ డాక్టర్లు నాలుగు రకాల మందులను కలిపి వాడతారు. మెటోప్రొలోల్ వంటి బీటా బ్లాకర్ల మీద 1999లో వచ్చిన ట్రయల్‌లో 3,991 మంది. మరణాలు 34 శాతం తగ్గాయి. స్పైరొనోలాక్టోన్ మీద అదే ఏడు వచ్చిన ట్రయల్‌లో 1,663 మంది. మరణాలు 30 శాతం తగ్గాయి. సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ మీద 2014లో 8,442 మంది. అప్పటికే వాడుకలో ఉన్న మంచి మందుతో పోల్చినా, గుండె వల్ల చనిపోవడం, ఆస్పత్రిలో చేరడం కలిపి 20 శాతం తగ్గాయి. షుగర్ మందుగా పుట్టిన డాపాగ్లిఫ్లోజిన్ మీద 2019లో 4,744 మంది. షుగర్ లేనివాళ్లకూ పనిచేసింది, 26 శాతం లాభం. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2020లో, సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ పేటెంట్ 2023లో ముగిశాక కంపెనీల మధ్య పోటీ వచ్చి ధరలు దిగాయి.

సబూత్ అంటే ఇదీ. వేలమంది మరీజ్‌లు, పేర్లున్న ట్రయల్స్, ఎవరైనా తీసి చూసుకోగల లెక్కలు. ఈ నాలుగూ మన మరీజ్‌లకు అందుతున్నాయా? 53 ఆస్పత్రుల్లో 10,851 మందిని చూసిన నేషనల్ హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీ 2022లో ఫలితాలు వేసింది. పంపు శక్తి తగ్గినవాళ్లలో సగం మందికి కూడా గైడ్‌లైన్ ప్రకారం మందులు పడటం లేదు. మూడు నెలల్లో నూటికి 14 మంది పోయారు. ఇది చదివి నాకు నిద్ర పట్టలేదు. నెలనెలా మందులు కొనలేక మధ్యలో ఆపేసిన మనిషి 4.5 లక్షల సూదికి జేవర్ అమ్ముతున్నాడు. మందు మానడానికి కారణం ఫుర్సత్ లేదనో, వందల రూపాయలు లేవనో చెబుతాడు. సూదికి మాత్రం చందా కావాలి.

చందా ఎత్తుదాం, నేనే మొదటి రసీదు తీసుకుంటాను. ఆ పైసలతో ఏడాది మందులు కొనిద్దాం. ఎంజీఎంలోనో మరో చోటో కార్డియాలజిస్టుకు చూపించి నాలుగు రకాల మందులూ ఆయనకు పడతాయా, ఏ మోతాదులో పడతాయా అడుగుదాం. కిడ్నీ, పొటాషియం పరీక్షలు చేయిద్దాం, ఎందుకంటే ఈ మందులు చూసుకుంటూ పెంచాలి, ఎవరికి వాళ్లు వేసుకునేవి కావు. బైపాస్ అవసరమా, లయ తప్పితే షాక్ ఇచ్చే ఐసీడీ అవసరమా తేల్చమందాం. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. ఏది అందులో వస్తుందో ఆరోగ్యమిత్రను అడుగుదాం. ఒక బరువు తూచే మెషీన్ కొనిద్దాం. పొద్దున్నే బరువు చూసుకోవాలి, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరు, వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. అచార్, పాపడ్, ఉప్పు చేప బంద్. రంజాన్‌కు నెల ముందే రోజా సంగతి డాక్టర్‌ను అడగాలి. వీటిలో ఒక్కదానికి కూడా ఏజెంట్‌కు కమిషన్ రాదు. అందుకే వాడు వీటి గురించి చెప్పడు.

జకాత్ గురించి ఇమామ్ సాబ్‌కు, సదర్ సాబ్‌కు అదబ్‌తో ఒక అర్జీ. సూరయె తౌబా 60వ ఆయత్‌లో జకాత్ ఎవరికి చెందుతుందో ఎనిమిది రకాలు చెప్పారు. ఫఖీర్లు, మిస్కీన్లు, ఖర్జాలో మునిగినవాళ్లు ఉన్నారు. మరీజ్‌కు ఇవ్వడం సవాబే. ఆ పైసా మరీజ్ చేతి మీదుగా ఇరవై నిమిషాల్లో ఏజెంట్ చేతికి పోతుందని తెలిసీ ఇస్తే అమానత్ ఏమైనట్టు? ఇప్పుడు ఖర్జా లేని ఇంటిని ఖర్జాలోకి తోసి, వచ్చే ఏడు ఖర్జాలో మునిగినవాళ్లని వాళ్లకే మళ్లీ జకాత్ ఇస్తామా?

ఇక ఆడవాళ్ల సంగతి కూడా చెప్పకుండా ముగించలేను. ఈ చందాలన్నీ మగాళ్ల గుండెల కోసమే లేస్తాయి. అమ్మీకి ఆయాసం వస్తే గ్యాస్ అంటాం. ఆపా కాళ్లు వాస్తే నిలబడి వండటం వల్ల అంటాం. వాళ్లకు ఎకో ఎప్పుడు తీయించాం? వాళ్ల జేవర్ మాత్రం మన గుండెలకు కావాలి.

స్టెమ్ సెల్ పేరుతో ఎవరు చందా అడిగినా, ఏ మస్జిద్ కమిటీ అయినా ముందు ఈ సవాళ్లు కాగితం మీద రాసి ఆ దుకాణానికి పంపాలి. జవాబు కూడా సంతకంతో, కాగితం మీదే రావాలి.

1. ఇది ట్రయలా, ఇలాజా? ట్రయల్ అయితే సీటీఆర్ఐ రిజిస్ట్రేషన్ నంబర్ ఏది? (ఆ రిజిస్ట్రీ ఇంటర్నెట్‌లో ఎవరైనా ముఫ్త్‌గా చూడవచ్చు.)

2. ట్రయల్ అయితే పైసలెందుకు? ఇలాజ్ అయితే గుండెకు దీన్ని మంజూరు చేసిన డ్రగ్ కంట్రోలర్ కాగితం ఏది?

3. ఎథిక్స్ కమిటీ ఏది? నష్టం జరిగితే ముఆవజా ఎవరిస్తారు?

4. ఇంతవరకు ఎంతమందికి చేశారు, ఏడాది తర్వాత ఎంతమంది బతికున్నారు? వీడియో వద్దు, లెక్క కావాలి.

5. నాలుగు రకాల మందులూ పూర్తి మోతాదులో ఇచ్చి చూశాకే దీనికి వచ్చారా?

వీటికి జవాబు వస్తే, ఆ జవాబు కార్డియాలజిస్టు ముందు నిలబడితే, జేబులోంచి మొదటి వెయ్యి నేను తీస్తాను. నాకు స్టెమ్ సెల్స్ మీద దుష్మనీ లేదు. రేపు ఇన్షా అల్లా ఎక్కడో ఒక ల్యాబులో చచ్చిన గుండె కండరం నిజంగా మళ్లీ కొట్టుకోవచ్చు. ఆ రోజు వార్త రాయడానికి నేను బతికుండాలని దువా చేయండి. ఆ రోజు వచ్చిందని ఇవాళే చెప్పి పైసలు వసూలు చేసేవాడిని మాత్రం గల్లీ మొదట్లోనే ఆపండి.

సంగ్‌దిల్ అన్నా పర్వాలేదు. ఇత్వార్ నాడు కమిటీలో ఈ ఐదు సవాళ్లున్న కాగితం పెడుతున్నాను. మీ మస్జిద్‌లో కూడా పెట్టండి. కాపీ కావాలంటే ఇక్కడి నుంచే తీసుకోండి, పేరు కూడా వేయక్కర్లేదు.

ఖుదా హాఫిజ్.